చిన్న ముక్కలు గెలిచే ఆట

నేను ఏనుగులకుంట బడికి పోవడం పెద్ద త్యాగమని చిత్తూరులో ఇప్పటికీ కొందరు చెప్పుకుంటారు. అబద్ధం. కాఫీకి తోడు దొరక్క పోయాను. ప్రేమానందం ఆ రోజు పేకాటలో ఓడిపోవడం కూడా త్యాగమేనట. అదీ అబద్ధమే. తప్పు జవాబు కళ్లబడితే దిద్దకుండా ఉండలేని మనిషి అతను. అంతకు మించి ఏమీ లేదు.

యుద్ధం ముగిశాక పట్టాళం వదిలి వచ్చి మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేరాడు. అస్సాంలో అమెరికా సిపాయిల పక్కన లారీ నడిపాడట. అక్కడినుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక ఉన్ని కోటు, ఒక పేకాట. తనకు తెలిసింది ఎదుటివాడికి వచ్చేదాకా వదలకపోవడం అతని జబ్బు. జట్కావాడికి గుర్రం గిట్టలు కడగడం నేర్పాడు. నాకు గొడుగు మడవడం నేర్పాడు. నేను మద్రాసులో ఎం.ఏ. చదివినవాణ్ణి, గొడుగు మడవడం నిజంగానే రాదు.

1946లో బడులు తెరిచే రోజుల్లో, అడవి అంచున ఏనుగులకుంటలో కొత్త బడి పెట్టారు. హెడ్మాస్టరు మా ముగ్గురినీ పిలిచి, "మీలో ఒకరు పోవాలప్పా. ఎవరో మీరే తేల్చుకోండి" అన్నాడు. మూడోవాడు లెక్కల మాస్టరు దేవనాథన్. అతని తల్లి మంచం పట్టి ఉంది. ప్రేమానందం భార్య గ్రేసమ్మకు తొలి కాన్పు చెడింది. ఇప్పుడు ఏడో నెల, కదలకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఏనుగులకుంటలో మంత్రసాని కూడా లేదు. ఇక నా ఇబ్బంది: అక్కడ కాఫీ హోటలు లేదు.

"ప్రేమానందాన్ని వదిలేద్దాం" అన్నాను గొప్పగా. నేను పోతానని మాత్రం అనలేదు.

"జాలి సూపొద్దు సార్. మీ జీతం యాడ వస్తాదో నాదీ ఆడే వస్తాది. పేకేసి తేల్చుకుందాం" అన్నాడతను.

రమ్మీలో దేవనాథన్‌ను ఓడించేవాడు లేడు. కాబట్టి అమెరికా ఆట ఖాయమయింది. అది వచ్చినవాడు ప్రేమానందం ఒక్కడే. జాలి చూపకుండానే చూపినట్టవుతుందని లోలోపల మురిసిపోయాను.

శనివారం మధ్యాహ్నం అతని ఇంట్లో చాప మీద కూర్చున్నాం. తలా ఒక గుప్పెడు చింతపిక్కలు. ముందు ఎవరివి అయిపోతే వాడు ఏనుగులకుంటకు.

"మనిసికి ఏడు ముక్కలు" అని పాఠం మొదలుపెట్టాడు. "మొదట రెండు బోర్లా, ఒకటి ఎల్లకిలా. ఆపైన ఒక్కోటిగా ఇంకో మూడు ఎల్లకిలా. ఆఖరుది బోర్లా. ముక్క పడినప్పుడల్లా పిక్కలెయ్యాల, లేకుంటే దిగిపోవాల. ఏడిట్లో మంచియి అయిదు ఏరుకుంటే సాలు, తక్కిన రెండూ లెక్కలేదు. ఆ అయిదిట్లో పెద్ద ముక్క ఎవురిది సిన్నదో ఆయప్ప గెలిసినట్టు. ఆసంటే ఒకటి. జత లెక్కలోకొస్తే సెడినట్టే."

"మూడు రాజులొస్తే?"

"తల మీద గుడ్డేసుకోవాల."

మొదటి పంపకంలోనే నాకు మూడు రాజులొచ్చారు. అంత చెప్పించుకున్నా నవ్వు ఆగలేదు, పిక్కలు కుమ్మరించాను. రాజు కనబడితే లేచి నిలబడే జాతి మనది. చదువుతో పోయే జబ్బు కాదు.

గోడకు ఆనుకుని చూస్తున్న గ్రేసమ్మ, "పరీచ్చల్లో గూడా ఇట్లే రాసినావా అన్నా?" అంది.

ఎండ తగ్గేసరికి పిక్కలన్నీ దేవనాథన్ ముందు పోగయ్యాయి. మిగిలిన కాసిని నేనూ ప్రేమానందమూ చాప మధ్యకు తోసేశాం. ఈ ఆటతో మా ఇద్దరిలో ఒకడు ఊరు వదలాలి. ప్రేమానందం తన అయిదు ముక్కలు తిప్పాడు: రెండు, మూడు, అయిదు, ఆరు, తొమ్మిది. నా చేతిలో చూస్తే రెండు ఏడులు.

"జత పడింది. పోయినాను" అని ముక్కలు బోర్లా పడేశాను.

గ్రేసమ్మ ఊపిరి వదిలింది. ప్రేమానందం అక్కడితో ఊరుకోవాలి. ఊరుకోలేదు.

"ఏదీ, సూడనీండి" అని నా ముక్కలు తిప్పి వరుసగా పేర్చాడు. "రెండో ఏడు మీకెందుకు సార్? దాన్నీ, ఈ రాజునూ అవతల పెట్టండి. ఆసు, రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది. మీ పెద్ద ముక్క ఎనిమిది, నాది తొమ్మిది." ముఖం వెలిగిపోయింది. "మీరే గెలిసినారు! అర్థమాయనా?"

నాకు అర్థమయింది. అతనికే కాస్త ఆలస్యమయింది.

"నిన్నెవురన్నా అడిగినారా?" అంది గ్రేసమ్మ.

"తప్పు లెక్కేసినాడమ్మే!"

"పుట్టే బిడ్డకు గూడా ఆ అడివిలోనించే నేర్పు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇది ఉత్తుత్తి ఆట అనుకుందామని దేవనాథన్ బతిమాలాడు. ప్రేమానందం వినలేదు.

సోమవారం హోటల్లో నేను కూర్చోగానే దేవనాథన్ తన గ్లాసు తీసుకుని పక్క బల్లకు మారాడు. మిగతా మాస్టర్లూ మారారు. సర్వరు కాఫీ పెడుతూ, "సార్ గెలిచినారంట గదా!" అన్నాడు. ఏ కాఫీ కోసం ఊరు వదలకూడదనుకున్నానో ఆ కాఫీకి తోడు లేకుండా పోయింది. వారం తిరక్కముందే హెడ్మాస్టరు దగ్గరికి పోయి నా పేరు రాయించాను.

జాలి చూపానని ప్రేమానందం నాతో మాట మానేశాడు. నేను బయలుదేరే రోజు మాత్రం బస్సు దగ్గరికి వచ్చి, నా పెట్టె లాక్కుని పైకెక్కించాడు.

"ఇంత నేర్పినానే! గెలిసిందెవురో గూడా తెలుసుకోలేకపోతిరి గదా సార్!" అన్నాడు కోపంగా.

ఆ కోపంతోనే పెట్టెకు తాడు బిగించి, ఏనుగులకుంటలో దాన్ని ఎటునుంచి విప్పుకోవాలో రెండుసార్లు చూపించాడు.