లక్ష్మీనర్సమ్మ చదవగలిగే మెసేజ్

సూర్యాపేటలోని ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునే సుమిత్ర, కంప్యూటర్ నుంచి కౌంటర్ ఫోన్‌కు వెళ్లే ఏ హెచ్చరిక రాసినా ముందు లక్ష్మీనర్సమ్మకు చూపిస్తుంది. గదులు ఊడ్చి తుడిచే ఆ ఆయమ్మ తడిచేతులు కొంగుకు ఒత్తుకుని, ఫోన్‌ను దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ సుమిత్ర మాట మారుస్తుంది. విసుక్కోదు. పెన్ను మూత కొరుకుతూ మళ్లీ రాస్తుంది. ఈ అలవాటు మొన్నటి ఎండాకాలంలో మొదలైంది. స్కాన్ బొమ్మలు దాచే డిస్క్ నిండిపోతోందని ఒక రోజు కౌంటర్ ఫోన్‌కు మూడుసార్లు మెసేజ్ వచ్చింది: "డిస్క్ 96%". కౌంటర్‌లో కూర్చునే నాగరాణి అది ఫోన్ చార్జింగ్ లాంటిదే అనుకుని నిశ్చింతగా ఉంది. మధ్యాహ్నానికి డిస్క్ పూర్తిగా నిండింది. ట్రాక్టర్ మీంచి పడ్డ పెన్‌పహాడ్ ఊరి ఎర్రయ్య తల స్కాన్ సేవ్ కాలేదు. నొప్పితో మూలుగుతున్న ముసలాయనను మళ్లీ ఆ స్కాన్ బల్ల మీద పడుకోబెట్టారు.

"తొంభై ఆరంటే మంచిగున్నట్టే గదక్కా! గట్ల రాసినోడెవడో గానీ, సోయి లేనోడు," అని నాగరాణి ఏడ్చింది.

"నేనే రాసిన," అంది సుమిత్ర.

ఇప్పుడు మెసేజ్ వేరేగా వస్తుంది: "ఇంకో పన్నెండు స్కాన్లకే జాగా ఉంది. సుమిత్రకు ఫోన్ చెయ్యండి." నిన్న నాగరాణి అన్నానికి వెళ్లినప్పుడు ఆ ఫోన్ చేసింది లక్ష్మీనర్సమ్మే.

"పన్నెండు మందికే జాగ ఉన్నదంట బిడ్డా. గీడ పద్నాలుగు మంది కూసున్నరు. జల్ది రా."