మీటరు ముందు మావయ్య

రాజాంలో నరసింగరావుకి ఒకటే పిచ్చి. కరెంటు వస్తువు ఏది మోగినా ఆపేయాలి. తలుపు కిర్రుమన్నా దాని స్విచ్చెక్కడుందా అని వెతికే మనిషి.

ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, వీపు వెనక గొంతు లేచేది. "ఏటి కావాలో ముందాలోసించుకోవాల! తలుపు తీసి తపస్సు సేస్తావేటి?" ఆ దెబ్బకి పెళ్ళాం సుభద్రమ్మ కళ్ళు మూసుకుని పెరుగు గిన్నె తీయడం నేర్చుకుంది. పక్కింటి ధనరాజ్ అయితే మిక్సీ మీద బొంత కప్పి, ఆ బొంతని పెళ్ళాం చేత అదిమిపట్టించి పచ్చడి రుబ్బేవాడని వీధిలో చెప్పుకుంటారు.

అసలు పగ మాత్రం గీజర్ల మీద. తెల్లారేసరికి మంకీ క్యాపు పెట్టుకుని అరుగు మీద మీటరు ముందు నిలబడేవాడు. ఎర్రదీపం మెల్లగా మిణుకుతుంటే శాంతం. టపటపా కొట్టుకుంటే ఇంట్లో గీజరు వేశారన్నమాట. తర్వాత గోడగోడకీ చెవి ఆనిస్తూ వీధంతా తిరిగేవాడు. "ఎవుడ్రా అది? గీజరు కట్టీ! ఎండెక్కాక పోసుకోండి నీళ్ళు!"

ఆ ఇంటికి కొత్త కోడలు ఈశ్వరి, శృంగవరపుకోట పిల్ల. పుట్టింట్లో పొద్దున్నే స్నానం చేయందే దీపం పెట్టరు. ఇక్కడేమో గీజరున్నా వేయకూడదు, మేడ మీద నల్లరంగు పూసిన డ్రమ్ములో నీళ్ళు ఎండకి కాగాలి, ఇంటిల్లిపాదీ సాయంత్రం పోసుకోవాలి. పుష్యమాసం చలిలో పొద్దున్నే చన్నీళ్ళే పోసుకునేది పాపం. ఆమె పళ్ళు కొట్టుకునే చప్పుడు విని మోటారనుకుని మావయ్య స్విచ్చు వెతికాడట.

ఒక పొద్దున ఒళ్ళు వెచ్చబడితే, ఈశ్వరి గుండె చిక్కబట్టుకుని గీజరు వేసింది. దాని దీపం కనబడకుండా బొట్టుబిళ్ళ అంటించింది. చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పింది. అయినా దడ తగ్గక ఆంజనేయ దండకం మొదలుపెట్టింది.

ట్యూబులైటు మసకబారింది. చెప్పుల చప్పుడు పరుగెత్తుకొచ్చింది. తలుపు దబదబా ఊగింది.

"ఓలమ్మీ! కట్టీ! బేగి కట్టీ!"

కట్టేసింది. ఆ గొంతులో కోపం లేదు, వణుకుంది. కోపమైతే కాళ్ళ మీద పడొచ్చు. వణుక్కి ఏం చెయ్యాలి?

బయటికొచ్చేసరికి మావయ్య లేడు.

"అత్తా, మా నాన్నకి ఫోన్ సెయ్యడానికెల్లారేటి? నన్ను పంపించీస్తారేటి?"

"ఎనకింటి అసిరమ్మ దగ్గరకి లగెత్తినాడే. నువ్వూ ఎల్లి సూడు," అంది సుభద్రమ్మ.

వెనకింట్లో, వీధంతా అక్కలా 'అప్పా' అని పిలిచే అసిరమ్మ ఒక్కతే ఉంటుంది. మంచం పక్కన ఆవిడ ఊపిరి మిషను ఆగిపోయి కీకీమంటోంది. ముసలావిడ ముక్కుకి గొట్టం, ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. జన్మంతా మోగేవాటిని ఆపిన నరసింగరావు, నేల మీద కూలబడి మిషనుకి దణ్ణం పెడుతున్నాడు.

"మోగు తల్లీ! నీ కాళ్ళు మొక్కుతాను, మోగు!"

ఈశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడింది. పచ్చదీపం వెలిగింది. మిషను గుర్రుమంది. అసిరమ్మ కుదుటపడింది. మావయ్య మంకీ క్యాపు తీసి చెమట తుడుచుకున్నాడు, పుష్యమాసంలో.

వీధిలోకి వచ్చాక గొంతు తగ్గించాడు. "తెల్లారి గీజర్లేస్తే సాలు, వోల్టేజి పడిపోతాదమ్మా. మిషను ఆగిపోతాది. స్టెబిలైజరు కూడా సేతులెత్తీసింది."

"ఈ మాట సెప్తే వీధంతా ఇంటాది కదా మావయ్యా!"

"అప్పకి రోసమెక్కువ. తన కోసం ఊరంతా సన్నీళ్ళు పోసుకుంటన్నాదని తెలిస్తే మిషనే కట్టీమంటాది. నన్ను పిసినారంటే నాకేటి పోయింది? నువ్వూ నోరిప్పకు."

మర్నాడు స్నానాలగది ముందు బొంతలు చుట్టిన బిందె ఉంది. ముట్టుకుంటే గోరువెచ్చన. నిన్నటి ఎండని మావయ్య సాయంత్రమే పట్టి దాచాడు. ఈశ్వరి స్నానం చేసి, దీపం పెట్టి, అరుగు మీదికొచ్చి పక్కింటి గోడకి చెవి ఆనించింది.

"ధనరాజ్ మావా! కట్టీ!"

తువ్వాలుతో బయటపడ్డాడు ధనరాజ్. "ఓర్నాయనో! ఇప్పుడు ఇద్దరయ్యార్రా!"

వెనకింటి కిటికీలోంచి అసిరమ్మ అందుకుంది. "ఒరే నరసింగా! కోడలికి కూడా నీ పిసినారితనం అంటించీసినావేటి?"

మావయ్య, కోడలు మొహమొహాలు చూసుకున్నారు.

"అవునప్పా!" అన్నారిద్దరూ.