సుంకన్న అనుకున్నాను, మూట అది

ఈ రోజు నా ఆటోబండికి ముందు అద్దం కొత్తది వేయించాను. పాత ప్లాస్టిక్ అద్దాన్ని పెట్రోలుతో తుడిచీ తుడిచీ నేనే పాలు పూసినట్టు తెల్లగా చేసుకున్నాను.

"తాతా, ఇన్నాళ్లూ రోడ్డు చూసి తోలినావా, దేవుని మీద భారం వేసి తోలినావా?" అన్నాడు గార్లదిన్నె మెకానిక్కు మస్తాన్.

తిరిగొస్తూ లచ్చమ్మ టీ కొట్టు దగ్గర బండి స్లో చేశాను. అక్కడ అరుగు మీద నా స్నేహితుడు సుంకన్న కూర్చుంటాడు. రోజూ ఆగకుండానే "ఏమప్పా, ఇంకా ఉండావా?" అని అరిచి పోతాను. వాడు వెనక నుంచి తిడతాడు. ఈ మధ్య తిట్టడం మానేశాడు. అలిగాడనుకుని ఇంకా గట్టిగా అరిచేవాడిని.

ఈ రోజు కొత్త అద్దంలోంచి చూస్తే, అరుగు మీద ఉన్నది చెనక్కాయల మూట. దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది.

బండి ఆపి, లచ్చమ్మతో "సుంకన్న యాడమ్మా?" అన్నాను.

"తాడిపత్రికి, కూతురింటికి పోయి శానా దినాలాయ కదన్నా. ఇంక ఆడే ఉంటాడంట. నీకు చెప్పలేదా?"

"లేదే."

"అల్లునింట్లో ఉండేకి పోతాండానంటే నువ్వు ఊరంతా నవ్విస్తావని చెప్పలేదేమో. నువ్వు దినామూ మూటను పలకరిస్తాంటే తమాషాకనుకుంటి."

నిజమే, నవ్వించేవాడినే. అల్లుడి మీద అప్పుడే నాలుగు మాటలు నోటిదాకా వచ్చాయి. వినేవాడు తాడిపత్రిలో ఉన్నాడు.

టీ తాగి, వచ్చేటప్పుడు మూటను ఇంకోసారి పలకరించి వచ్చాను. మీలో ఎవరికైనా తీరిక ఉంటే కింద కామెంట్లలో నన్ను కాస్త తిట్టి పోండి. తిట్టించుకోక చాలా రోజులైంది.