ఇంటికొచ్చాక కోసే ముడి

మా మామ, అంటే మా ఆయన తండ్రి, పోయిన నెలలో కాలం చేశాడు. సుబేదారిలో నా కుట్టు దుకాణంలో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుండగా ఫోను మోగింది. "నాయిన పోయిండు. దవాఖానల నుంచి ఇంటికి తీస్కపోతున్నం," అన్నాడు మా ఆయన. సగం కోసిన గుడ్డను మడిచిపెట్టి షట్టరు దించాను. హసన్‌పర్తికి ఆటోలో పోతుంటే ఏడుపుకంటే ముందు ఆయన ఒకప్పుడు అడిగిన మాటే చెవుల్లో మోగింది. "కట్టినవా బిడ్డా?"

మామ రైతు. పత్తి చేన్లో పని లేని రోజు ఊరి చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చునేవాడు. మీలో ఎవరికైనా ఆ అలవాటుంటే ఒకటి అడుగుతాను. దారానికి గాలాన్ని బిగించే ముడిని ఎన్నాళ్లకోసారి మళ్లీ కడతారు? తెగినప్పుడు అంటారు, అవునా? మా మామ దగ్గర ఆ పప్పులుడకవు. చేప పడితే కొత్త ముడి. రాయికో తుమ్మకంపకో తగులుకుంటే కొత్త ముడి. ఏమీ పడకుండా పొద్దంతా నీళ్లలో నానినా సరే, ఇంటికి రాగానే బ్లేడుతో దారం కోసేసి, గాలానికి మిగిలిన ముడిని గీకి పారేసేవాడు. మర్నాడు ఎంత బద్ధకమైనా కట్టక తప్పదు, కర్రకు గాలమే ఉండదు మరి!

"చేపలకంటే నీ ముడులే ఎక్కువైతున్నయి మామా," అని ఎగతాళి చేసేదాన్ని.

"సూడనీకె మంచిగనే ఉంటది బిడ్డా. లోపట ఎంత అరిగిందో దానికే ఎర్క," అనేవాడు.

నేను తొర్రూరులో దర్జీ ఇంట పుట్టాను. దారం నా చేతిలో చెప్పినమాట వింటుందని పొగరు. పెళ్లయిన రెండో ఏడు మా ఆయన బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచంలో పడుకుని కొర్రమట్ట పులుసు కావాలని వారం రోజులు ఒకటే పాట. ఆదివారం మామ వెంట నేనూ చెరువుకు పోయాను. ముందు ఒక చిన్న జెల్ల చేప పడింది. "జర ముడి కొత్తగ కట్టు బిడ్డా," అని మామ ఎర్రలు తవ్వడానికి గట్టు దిగాడు. చూశాను, ముడి నిక్షేపంగా ఉంది. ఆయన తిరిగొచ్చి "కట్టినవా?" అన్నాడు. "కట్టిన మామా," అన్నాను, కళ్లార్పకుండా.

కాసేపటికి కొర్రమట్టే పడింది. మోచేతి పొడవు ఉంటుంది. ఒడ్డు దాకా వచ్చింది, నల్లటి వీపు ఇద్దరం చూశాం, టప్పుమని దారం తెగింది. మామ దారం కొసను కింది పెదవి మీద జరిపి చూశాడు. గరుకు ఆయనకు పెదవితోనే తెలిసేది.

"ఇది పొద్దటి ముడి," అన్నాడు. నేను తల ఎత్తలేదు. "చేప పోతే పోయింది. కట్టలే అంటే నేనే కడుతుంటి గద."

అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంట్లో మా ఆయనతో "ఇయ్యాల పడలే" అని నా పరువు కాపాడాడు. కానీ ఆ తర్వాత పన్నెండేళ్లు నన్ను ముడి ముట్టనివ్వలేదు.

వెంట తీసుకుపోయేవాడు, ఎర గుచ్చనిచ్చేవాడు, కర్ర పట్టనిచ్చేవాడు. ముడి మాత్రం తనదే. నాకు లోపల ఒకటే ఉడుకు. ఈ మనిషి ఒక్కసారైనా నా ముడిని నమ్మి గాలం వెయ్యాలి, అంతే. దుకాణంలో బేరాల్లేనప్పుడు నైలాన్ దారాన్ని గాలానికి కట్టేదాన్ని, లాగేదాన్ని, కోసి మళ్లీ కట్టేదాన్ని. ఆ చెయ్యి కుట్టుపనికీ అలవాటైంది. నా దగ్గర కుట్టించిన జాకెట్టుకు హుక్కు ఊడిందని ఇంతవరకు ఎవరూ వెనక్కి తేలేదు.

ఈ ఏడు మామ చేతులు వణకడం మొదలైంది. పోవడానికి మూడు వారాల ముందు, చెరువు గట్టున, దారం గాలం కంట్లో దూరక మూడుసార్లు జారింది. నాలుగోసారి ఆగి, రెండూ నా ఒళ్లో పెట్టాడు.

"కట్టు," అన్నాడు.

ఐదు చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి బిగించాను. పెదవి మీద పెట్టి చూస్తాడేమో, కోసి పారేస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. నీళ్లలోకి విసిరాడు. మధ్యాహ్నానికి కర్ర వంగింది. ఇద్దరం పట్టి లాగితే కొర్రమట్ట గట్టు మీద పడి కొట్టుకుంది. ముడి ఇసుమంతైనా జారలేదు. "మా కోడలు కట్టిన ముడి!" అని దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పాడు. అడగనివాళ్లకూ చెప్పాడు. అంత గర్వం నా జన్మలో నేనెరుగను.

పదకొండో రోజు చుట్టాలు వెళ్లాక మా ఆయన వరండాలో కర్ర చూసి, "నాయిన కర్రకు గాలం లేదేంది? ఎవరన్న తీస్కపోయిండ్రా?" అన్నాడు.

"ఎవరు తీస్కపోలే. ఇంటికొచ్చినంక ఆయనే కోసిండు," అన్నాను. నేను కట్టినా సరే, చేపను మోసిన ముడి పాతదే. కోడలని మినహాయింపు లేదు. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

కర్ర పక్కన, గాలాలు గుచ్చిపెట్టే పాత హవాయి చెప్పు ముక్క ఉంది. ఐదు గాలాలు. నాలుగింటిని ఎప్పటిలాగే శుభ్రంగా గీకి పెట్టాడు. ఐదోదాని కంట్లో నా ముడి అలాగే ఉంది, ఐదు చుట్లూ చెదరకుండా. దాన్ని గీకలేదు మా మామ.