అవ్వ చూసిన పీనుగుల సినిమా

భయపెట్టే సినిమా ఏదైనా మంచిది చెప్పమని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు, "ఇంట్లో ఎవరెవరు కూర్చుని చూస్తారు?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. సినిమా చెప్పమంటే కుటుంబ వివరాలు అడుగుతాడేమిటని విసుక్కుంటారు. విసుక్కోనీ. ధర్మవరంలో వీడియో క్యాసెట్ల అంగడి నడిపిన రోజుల్లో చేసిన ఒక పొరపాటు నుంచి వచ్చిన అలవాటు ఇది, ఇక పోదు.

నాకు దెయ్యాల పిచ్చి డెబ్బైల్లోనే పట్టింది. శింగనమల దగ్గర మా మేనమామ ఊళ్లో గుడారం సినిమా వేసేవారు. నేల మీద ఇసుకలో కూర్చుని చూశాను మొదటి రాక్షస బొమ్మను. పక్కన కూర్చున్న పెద్దాయన భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు. నా కంటే నలభై ఏళ్లు పెద్దవాడు నా చెయ్యి పట్టుకోవడం నాకు భలే నచ్చింది. భయం ముందు చిన్నా పెద్దా లేదని ఆ రోజే తెలిసింది. చదువు మాత్రం దాని తర్వాత సరిగ్గా సాగలేదు.

ఎనభైల నడుమ, నేతగాళ్ల వీధి మొదట్లో రేడియోలు బాగుచేసే ఒక సాయిబన్నతో కలిసి అంగడి పెట్టాను. ఒక కలర్ టీవీ, క్యాసెట్లు ఆడించే ఒక డెక్కు, బెంగళూరు నుంచి తెచ్చిన క్యాసెట్లు. వాటిలో సగానికి పైగా క్యాసెట్లకు అట్టలు ఉండవు, పేర్లు ఉండవు. ఇంగ్లీషు సినిమాలు కనక పేర్లు ఉన్నా మాకు ఒరిగేది లేదు. జనమే పేర్లు పెట్టేవారు. "ఆ బురద మృగం ఉండాదా అన్నా?" "పెండ్లికొడుకు తోడేలైపోయే క్యాసెట్టు ఎవురు తీసకపోయినారు?" ఇప్పుడు పిల్లలు జాంబీలు అంటున్నారే, వాటిని మా దగ్గర లేచొచ్చే పీనుగులు అనేవారు. నన్నడిగితే మా పేరే నయం, చెప్పగానే విషయం అర్థమవుతుంది.

టీవీని, డెక్కును తోపుడు బండి మీద పెట్టుకుని ఇంటింటికీ నేనే పోయేవాణ్ణి. సినిమా ఆడుతుంటే టీవీ పక్కన నిలబడి కథను తెలుగులో చెప్పేది కూడా నేనే. నాకొచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. సగం అర్థమైంది చెప్పేవాణ్ణి, సగం కల్పించేవాణ్ణి. సాయిబన్న నెత్తి కొట్టుకునేవాడు. "అరే, ఆ డాక్టరు ఆ మృగానికి చిన్నాయన అని ఎవురు జెప్పినారప్పా నీకు?" అనేవాడు. చుట్టరికం లేకపోతే మా వాళ్లకు కథ ఎక్కదని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా అనేవాడు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. ఉత్త భయం ఉత్త కారం లాంటిది, ముద్ద దిగదు. దాంట్లో ఇంకేదో కలవాలి. కొత్తగా పెళ్లయిన జంట అడిగితే, చెరువులోంచి వచ్చిన మృగం ఒక పిల్ల మీద మనసు పడే సినిమా ఇచ్చేవాణ్ణి. హోటల్లో కూర్చుని పేపరు చదివి వాదించుకునే వాళ్లకైతే ఊరి చావుల వెనక ఉన్నది మనిషా మృగమా అని పోలీసాయన ఆరా తీసే సినిమా. ఒక లెక్కల అయ్యవారు ఉండేవాడు, దెయ్యాలంటే ఆయనకు నామోషీ. ఆయనకు ఆకాశంలో పోయే ఓడలో భూతం దూరే సినిమా ఇస్తే, సైన్సు అనుకుని రెండుసార్లు చూశాడు. నేత ఇళ్లకు మాత్రం నవ్వు కలిసిన భయం. పొద్దంతా వంగి నేసే వాళ్లు అరవాలి, అరిచినందుకు వెంటనే నవ్వుకోవాలి.

అమావాస్య నాడు మగ్గం ఆడించరు. ఆ రోజు నాకు ఊపిరి సలపదు. మధ్యాహ్నం పూట మగ్గం ఉన్న గదికి, తలుపుకీ కిటికీకీ గొంగళ్లు కట్టి, లోపల చీకటి చేసి సినిమా పెట్టేవాళ్లం. మగ్గం కింద కాళ్లాడించడానికి తవ్విన గుంట ఉంటుంది కదా, ఇంటి పెద్దలు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసేవారు. మృగం కనపడగానే గుంటలోని కాళ్లన్నీ ఒక్కసారి పైకొచ్చేవి. నేను టీవీ వైపు చూసేవాణ్ణే కాదు, ఆ కాళ్ల వైపే చూసేవాణ్ణి. సినిమా బాగుందో లేదో అవే చెప్పేవి.

ఒక అమావాస్యకు రెండు రోజుల ముందు, ఆ వీధిలో నేసే ఇంటి కోడలు ఒకామె అంగడికి వచ్చింది. చాలాసేపు నిలబడి, జనం పోయాక అడిగింది.

"అన్నా, దెయ్యం ఉండల్ల, నవ్వూ ఉండల్ల. మా అత్త ఏడ్చకూడదు. అట్లాటిది ఉండాదా?"

అత్తకు ఏమైందని అడిగాను. ఆమె తల వంచుకుని చెప్పింది. అవ్వ తిండి దాచిపెడుతోందట. సంగటి ముద్ద, రొట్టె ముక్క, ఏది మిగిలితే అది. ఒకసారి పాత గుడ్డల మూటలో, ఒకసారి పట్టు దారం చుట్టిన కండెల బుట్ట వెనక. చెప్పినా వినదు, అడిగితే పలకదు. ఆ వాసనకు ఎలుకలు మరిగాయి. పోయిన నెల మగ్గం మీద నిలువుగా సాగదీసిన పట్టు పోగులను, ఆ పడుగును, కొరికేశాయి. ఇంకొకసారి ఇలా జరిగితే పట్టు దారమిచ్చే సావుకారు మగ్గమే ఆపేస్తానన్నాడు. అందుకని ఆమె భర్త తన తల్లిని, బత్తలపల్లెలో ఉన్న తన చెల్లెలి ఇంటికి పంపేయాలని తీర్మానించుకున్నాడు. అమావాస్య మరుసటి పొద్దున మొదటి బస్సు.

"ఇరుగు పొరుగోళ్లు అత్తకు నేను కూడు పెట్టనని అనుకుంటాండారన్నా. కడుపు మాడితేనే గదా ఎవురైనా దాచుకునేది," అంది. "ఆమె పోయేలోపల ఒక్కసారి నవ్వితే చాలు నాకు."

కొడుకు బతికుండగా కూతురింటి కూడు తినడం మా వైపు ఎంత తలవంపో చెప్పనక్కర్లేదు. ఆ అవ్వకు అది చావుతో సమానం. ఆ సంగతి కోడలికీ తెలుసు, కొడుకుకూ తెలుసు. తెలిసి చేయక తప్పని పనులు కొన్ని ఉంటాయి. నాకు కోపం రాలేదు ఆ ఇంటి మీద, జాలే వేసింది. ఎలుక కొరికిన పట్టు పడుగును నేను చూశాను. నెల రోజుల కష్టం, ముట్టుకుంటే చేతిలోకి ఊడొస్తుంది.

"నువ్వు గమ్మునుండమ్మా, నా దగ్గర ఉండాది మందు," అన్నాను గొప్పగా.

నా దగ్గరున్న మందు పెళ్లి విందు సినిమా. ఒక పెద్ద ఇంట్లో పెళ్లి భోజనాలు జరుగుతుంటాయి. శ్మశానం నుంచి పీనుగులు లేచి ఆ ఇంటి మీదికి వస్తాయి. లోపలి వాళ్లు తలుపులు బిగించుకుంటారు. పీనుగులు కిటికీల్లోంచి చేతులు పెడుతుంటే, లావుపాటి వంటవాడు ఒకడు గరిటె తీసుకుని ఆ చేతుల మీద టపటపా వాయిస్తుంటాడు. ఆ గరిటె దెబ్బలకు పడి పడి నవ్వని ఇల్లు లేదు. అంతవరకు నా చేతిలో ఒక్కసారి కూడా గురి తప్పని సినిమా అది.

అమావాస్య మధ్యాహ్నం పోయేసరికి అవ్వ గుంట అంచున కూర్చుని ఉంది. చిన్న మనిషి, గట్టి మనిషి. గుమ్మం పక్కన ఆమె గుడ్డల మూట కట్టి ఉంది. కొడుకు దాని వైపు చూడకుండా కూర్చున్నాడు. "ఏమప్పా, మా అవ్వను భయపెట్టేకి వచ్చినావా?" అని తన మనవళ్ల మాటగా అవ్వే నన్ను ఆటపట్టించింది. సినిమా మొదట్లో పెళ్లికొడుకు బూట్లు తారుమారైన చోట బాగా నవ్వింది కూడా. కోడలు నా వైపు చూసి తలూపింది. నేను పొంగిపోయాను.

తర్వాత పీనుగులు వచ్చాయి. ఎండిపోయిన చేను, దాంట్లో వరసగా, ఒకరి వెనక ఒకరు, కాళ్లీడ్చుకుంటూ. నేను ప్రతి ఇంట్లో వేసే జోకే వేశాను. "ఇంగ చూడండప్పా, విందు కబురు వీండ్లకు గూడా అందింది!"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"వీండ్లది ఏ ఊరప్పా?" అంది.

"ఊరు లేదవ్వా, చచ్చినోళ్లు వీండ్లు."

"చచ్చినోళ్లు యాడన్నా నడుస్తారా? ఇది ఆకలైనోళ్ల నడక. నేను చూసినా గదా."

మళ్లీ నవ్వులు. ఇంతలో కిటికీ దగ్గర వంటవాడు గరిటె ఎత్తాడు. మొదటి దెబ్బకే అవ్వ గుంట అంచు పట్టుకుని లేచి నిలబడింది. "కొట్టద్దనప్పా వాణ్ణి! విందు పెట్టుకునినారు గదా, ఇంత పెట్టమను!" అని అరిచింది. పిల్లలు కేరింతలు కొట్టారు. నేను కూడా నవ్వాను. ఇది రాయడానికి నాకు ఇష్టం లేదు, కానీ నవ్వాను. అవ్వ నేరుగా టీవీ దగ్గరికి నడిచి వచ్చి, కిటికీలో ఆడుతున్న ఆ చేతుల మీద తన అరచెయ్యి పెట్టింది. "నిలుపు," అంది నాతో. డెక్కు ఆపేశాను.

కోడలు తలుపుకు కట్టిన గొంగళి తీసేసింది. వెలుతురు పడింది. అవ్వ కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు నా సంకలో ఉంటివి. పెద్ద కరువు. నాకు పాలు ఇంకిపోయినాయి. గంజి పోసే చోట పొద్దున్నుంచి నిలబడితే చెంబెడు పోసినారు. తిరుక్కుంటే ఒకామె నా కొంగు పట్టుకునింది. ఆమెకు మాట గూడా రాలేదు. వదలమంటే వదల్లేదు. గంజి ఒలికిపోతాదని చెంబు అంచుతో చేతి మీద కొట్టినా. రెండు దెబ్బలు. అప్పుడు వదిలింది. మరుసటి పొద్దు చూస్తే ఆడనే పడి ఉండాది, ఈగలు ముసురుతాండాయి. ఏ ఊరో, ఎవురో, ఎవురూ ఎరగరు."

కోడలే దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "అందుకేనా అత్తా, సంగటి దాచేది?"

"నాకి కాదు పాప. నీ చేతి కూడు కడుపు నిండా తింటాండా, నాకేం తక్కువ? ఆమె వస్తే? కొంగు పట్టుకుంటే ఏం పెట్టల్ల నేను?"

కొడుకు గుంటలోంచి కాళ్లు తీసుకుని బయటికి పోయాడు. ఆ చెంబెడు గంజి తాగి బతికిన బిడ్డ తనేనని అతనికి ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. నేను వైర్లు చుట్టుకుని టీవీని బండి మీదికి ఎక్కించాను. ఎన్ని ఇళ్లలో వేశాను ఆ జోకు! ఎన్ని ఇళ్లలో ఎందరు ముసలివాళ్లు మూల కూర్చుని, అందరూ నవ్వుతున్నారని తామూ పళ్లు బయటపెట్టి ఊరుకున్నారో! సాయిబన్నతో చెబితే ఆయన చాయ్ తెప్పించి నా ముందు పెట్టాడు.

నాలుగు రోజులకు కోడలు అంగడికి వచ్చింది. అవ్వ బత్తలపల్లెకు చేరిందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమే చెప్పింది.

"బస్సు పోయిందన్నా, అత్త పోలేదు. ఆ పొద్దే ఆయన మూట విప్పేసి, గుడ్డలన్నీ ఎప్పటి మాదిరే దండెం మీద యేసినాడు."

"మరి ఎలుకలు?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న కాదు, నోరు జారింది.

"నిన్న సంగటి గెలికినాక నేనే ఒక ముద్ద వేరే తట్టలో పెట్టి అత్త ముందర పెట్టినా. 'ఇది ఎవురికి?' అనింది. 'ఆమెకే అత్తా, ఇంగ దాచద్దు, దినామూ అందరి ముందరే పెడదాం' అన్నా. ఆ తట్టను ఒళ్లోకి తీసుకునింది." కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "'ఆమె ఇంగ రాదులే పాప' అనింది. అని, ఏడ్చుకుంటా ఏడ్చుకుంటా ఆ ముద్ద తనే తినిందన్నా."