అత్తయ్యగారూ నేనూ విన్న పాఠాలు

నాకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒక పని మీద నిలవని సమస్య, ఉందని నలభై దాటాక తెలిసింది. డాక్టరుగారు ఆ మాట చెబుతుంటే బాధ కన్నా ఊరటే ఎక్కువ కలిగింది. ఏలూరులో ఒక కాలేజీ ఆఫీసులో పని నాది. సగంలో వదిలేసిన పనులకీ, పొంగిపోయిన పాలకీ అన్నేళ్లూ బద్ధకమనే పేరు పెట్టుకుని బతికాను. మందులతో పాటు ఫోనులో వినే ఒక కోర్సు కూడా చెప్పారాయన. చిన్న చిన్న పాఠాలు, ఒక్కో పాఠం చివర చేయాల్సిన ఒక పని.

మొదట్లో ఆత్రంగా విన్నాను. తర్వాత మానేశాను. "మీ పాఠం మిగిలి ఉంది" అని ఫోను గుర్తుచేసినప్పుడల్లా సిగ్గేసి, వేలితో పక్కకు తోసేసేదాన్ని. మతిమరుపు తగ్గించే కోర్సునే మరిచిపోయానని మా వారు నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అప్పుడే మా అత్తగారు కంటి ఆపరేషను కోసం కొల్లేటికోట నుంచి వచ్చారు. ఆపరేషను తర్వాత కొన్నాళ్లు టీవీ చూడొద్దన్నారు ఆవిణ్ణి. ఒక సాయంత్రం నేను పాఠం పెట్టి, మధ్యలోనే ఆపేసి, బట్టలు మడతపెట్టడానికి లేచాను. నల్లద్దాలతో మంచం మీద పడుకున్న ఆవిడ పిలిచారు.

"అమ్మాయ్, ఫోనులో ఆవిడేదో చెప్తుంటే ఆపేశావేం? తర్వాతేంటో పెట్టు."

"అవి నా పాఠాలండీ అత్తయ్యగారూ. మీకు విసుగొస్తుంది."

"సీరియల్ లేక నాకిప్పుడే విసుగ్గా ఉంది. నువ్వూ ఇలా వచ్చి కూచో."

కూచున్నాను. మర్నాడు కాఫీ తాగాక ఆవిడే "పెట్టు మరి" అన్నారు. అదే అలవాటైంది. పాఠంలో చెప్పిన పని నేను చేస్తుంటే ఆవిడ ఊరికే అక్కడ కూర్చునేవారు. సలహా ఇచ్చేవారు కారు, తొందరపెట్టేవారు కారు. పక్కన ఒక మనిషి ఉంటే నేను పని మధ్యలో లేవనని అప్పుడు తెలిసింది.

కళ్లు నయమై ఆవిడ ఊరెళ్లిపోయారు. పాఠాలు మళ్లీ ఆగిపోయాయి. ఒక సాయంత్రం ఫోను మోగింది. అవతల చేపల చెరువు మోటార్ల మోత.

"నన్నొదిలేసి నువ్వొక్కదానివే వినేస్తున్నావా ఏంటి?"

"లేదండీ, అసలు పెట్టనే లేదు."

"అయితే పెట్టు. గట్టిగా పెట్టు, ఇక్కడ మోతగా ఉంది."

మా వారి ఫోనులో ఆవిడతో మాట్లాడుతూ, నా ఫోనులో పాఠం పెట్టి, అలా సాగించాం. ఇవాళ నా వల్ల కాదండీ అంటే, "సరేలే, రేపు విందాం" అనేవారు.

ఒక పాఠం ఇంట్లోవాళ్ల కోసం. ఇది సోమరితనం కాదు, నిర్లక్ష్యం కాదు అని అందులో ఆ గొంతు నెమ్మదిగా చెప్పింది. పాఠం అయిపోయాక అవతల మోటార్ల మోతే వినిపించింది.

"అత్తయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్నానమ్మా. మీ మావయ్యగారూ ఇంతే. వల సగం అల్లి లేచిపోయేవారు. పడవ కట్టడం మరిచిపోయేవారు. నలుగురిలో తిట్టేదాన్ని. తలొంచుకుని నవ్వేవారు తప్ప ఒక్క మాట అనేవారు కాదు. ఆ ముక్క ఇంకోసారి పెట్టమ్మా" అన్నారు.

పెట్టాను. ఇద్దరం మళ్లీ విన్నాం.

చివరి పాఠానికి నేనే కొల్లేటికోట వెళ్లాను. అరుగు మీద ఆవిడ పక్కనే కూర్చుని విన్నాను. "అయిపోయిందా? ఇంకోటి లేదూ?" అని అడిగారు, చిన్నబోయిన మొహంతో.

నా మరుపు పూర్తిగా పోలేదు. మొదలుపెట్టినవి మాత్రం ఇప్పుడు చాలావరకు ముగుస్తున్నాయి. పాఠాలు లేకపోయినా సాయంత్రాలు ఫోను చేసుకుంటాం. ఆవిడ చింతపండులో గింజలు తీస్తుంటారు, నేను మిగిలిన పనేదో చేసుకుంటుంటాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోం.