సరస్సు ఒడ్డున రెండు ఇళ్ళు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. ముందు గదిలో కుట్టుమిషను, గోడ పొడవునా కొక్కేలకు వేలాడే జాకెట్లు, స్కూలు యూనిఫారాలు. వెనక గదిలో మంచం, దాని మీద ఆమె భర్త. ఒకప్పుడు బస్సు డిపోలో మెకానిక్కు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట తిరిగి వచ్చింది, ఎడమచేయి పనిచేస్తుంది, కర్ర ఊతంగా గదిలో నాలుగడుగులు వేస్తాడు. మిగతాదంతా టైలరమ్మే చూసుకోవాలి.

అతనికి స్నానం చేయించడానికి స్నానాల గది తలుపు గడియ పెట్టగానే ఆమె కబుర్లు మొదలుపెడుతుంది. ఎవరి జాకెట్టు ఎవరికి బిగుతైందో, ఒళ్ళు చేసిన సంగతి ఒప్పుకోలేక టేపు తప్పని ఎవరు వాదించారో. అతను పగలబడి నవ్వుతాడు. ఆ నవ్వుల్లో స్నానం ఎప్పుడు అయిపోయిందో ఇద్దరికీ తెలియదు.

వేసవి సెలవులకు అందరం కలిసి ఎక్కడికైనా పోదామన్న ఆలోచన ఆమె తమ్ముడిది. సముద్రానికీ దానికీ మధ్య సన్నని ఇసుకదిబ్బ మాత్రమే అడ్డున్న పెద్ద సరస్సు ఒకటుందనీ, ఒడ్డున ఇళ్ళు వారానికి అద్దెకిస్తారనీ ఎవరో చెప్పారట. ఇక అతనికి కాలు నిలవలేదు. ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుని దిగాడు.

"చూడక్కా, మేడ మీద మూడు గదులు, కింద పెద్ద హాలు. గుమ్మం దిగితే నీళ్ళే. బావకి హాల్లో మంచం వేద్దాం. మెట్లెక్కే బాధ ఉండదు, అందరి మధ్యా కాలక్షేపమూ అవుతుంది."

"మీరు వెళ్ళి రండి," అన్నాడు వెనక గదిలోంచి భర్త. "నాకిక్కడే బాగుంది."

"నువ్వు లేకుండా మేం పోతామా బావా?"

అప్పటినుంచి రోజుకో వంక. నీళ్ళ దగ్గర దోమలుంటాయన్నాడు, చెమ్మగాలి పడదన్నాడు, కొత్త చోట నిద్ర పట్టదన్నాడు. టైలరమ్మకు విసుగొచ్చింది. ఒక మధ్యాహ్నం అతనికి గడ్డం గీస్తూ అనేసింది.

"ఈ మిషను ముందునుంచి లేచి నేనెక్కడికైనా పోయానా? నాకు మాత్రం నీళ్ళు చూడాలని ఉండదా?"

అతను నురగ అంటిన మొహంతో గోడవైపు చూస్తూ, "హాల్లోంచి బాత్రూముకి నువ్వు నన్ను పట్టుకుని నడిపించాలి," అన్నాడు. "వాళ్ళంతా అక్కడే ఉంటారు. చూడనట్టు చూస్తారు. లోపల నువ్వు చెప్పే మాటలన్నీ బయటికి వినిపిస్తాయి. మీ తమ్ముడికి బండి నడపడం నేర్పినవాణ్ణి నేను. వాడి ముందు..."

ఆమె చేతిలో రేజరు ఆగింది.

"ఇదా సంగతి. దోమలూ దోమలని చంపారు కదండీ," అని మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆ ఇంటి యజమానికి ఫోను చేసింది. పెద్దింటి పక్కనే ఒంటిగది ఇల్లొకటి ఉందన్నాడాయన. లోపలే స్నానాల గది, గుమ్మానికి మెట్లు లేవు.

"కానీ అది ఎవరూ అడగరమ్మా. కిటికీలోంచి సరస్సు సగమే కనిపిస్తుంది."

"మాకు సగం చాలు," అంది ఆమె.

సంగతి తెలిసి తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. "ఒక్క వారం మాతో ఒక కప్పు కింద ఉండలేవా అక్కా? అక్కడ కూడా వేరు కాపురమా?"

నిజం చెబితే భర్త పరువు పోతుంది. అందుకని నింద తన మీదే వేసుకుంది. "మీ పిల్లల అల్లరికి నాకు తలనొప్పి వస్తుందిరా."

ఆ పిల్లలు ఈమె మిషను కింద గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగినవాళ్ళే. తమ్ముడు వెళ్ళిపోయాడు. తర్వాత ఫోను కూడా చేయలేదు.

నాలుగు రోజులకు మరదలు వచ్చింది, జాకెట్టు చేతులు వదులు చేయించుకునే నెపంతో. స్టూలు లాక్కుని కూర్చుంది.

"తలనొప్పి ఎప్పట్నుంచి వదినా?"

"ఈ మధ్యనే."

మరదలు వెనక గదివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆఖరి రోజుల్లో మా నాన్నకి నేనే చేశాను. ఇంటికెవరైనా వస్తే పాపం మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. మధ్యలో లేవాల్సొస్తుందని."

టైలరమ్మ కళ్ళొత్తుకుంది. చాలాకాలంగా ఎవరితోనూ చెప్పుకోని మాట అది.

"మా ఆయనకి నేను చెప్పనా?" అంది మరదలు.

"వద్దు. తెలిస్తే ఈయన అసలే రారు."

ఎంత తగ్గించి మాట్లాడినా చిన్న ఇల్లు. వెనక గదిలోంచి పిలుపు వినిపించింది.

"అమ్మాయ్, మీ ఆయన్ని సాయంత్రం ఒకసారి రమ్మను. అక్క మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు. కారణం నేను చెప్తాను."

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. బావ మంచం అంచున కూర్చున్నాడు. తలుపు దగ్గరగా వేసుకుని ఏం మాట్లాడుకున్నారో టైలరమ్మకు వినిపించలేదు. మిషను ముందు కూర్చుందేగానీ కాలు ఆడలేదు. మధ్యలో ఒకసారి ఇద్దరూ దగ్గినట్టు నవ్వడం మాత్రం తెలిసింది.

బయటికొచ్చిన తమ్ముడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెప్పులేసుకుంటూ, "అక్కడ స్నానాల గదిలో నేల నున్నగా ఉంటుందా, గరుకుగా ఉంటుందా? కనుక్కున్నావా అక్కా?" అన్నాడు.

"కనుక్కోలేదురా."

"నేను కనుక్కుంటాలే. నున్నగా ఉంటే రబ్బరు చాప తెస్తాను."

అలాగే వెళ్ళారు. రోజూ పొద్దున ఒంటిగది ఇంట్లో గడియ పడేది. ఆవిడ కబుర్లు, ఆయన నవ్వులు గోడలు దాటి పెద్దింటి వసారాదాకా వినిపించేవి. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కాసేపటికి అతను తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని, రెండు ఇళ్ళ మధ్య ఆ నాలుగడుగులూ తనంతట తనే నడిచి వచ్చి వాళ్ళ మధ్య కూర్చునేవాడు. పిల్లలు పడవలోంచి కేకలు పెడితే బదులుగా ఎడమచేయి ఊపేవాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు భార్యాభర్తలిద్దరూ తమ గుమ్మంలో కూర్చున్నారు. ఎదురుగా సగం సరస్సు, దాని మీద వలలు లాగే పడవలు, దూరంగా ఇసుకదిబ్బ అవతల సముద్రం హోరు.

"వచ్చే ఏడు కూడా ఈ గదే చెప్పు," అన్నాడు అతను.

ఆమె వెంటనే లేచి యజమానిని వెతుక్కుంటూ వెళ్ళింది.